ఖ్వాంచ్‌కరా సీసాలు ఎందుకు పొంగాయి: రాచా లోయలో ఒక కేసు

జార్జియా దేశంలోని రాచా లోయలో చేసే తీపి ఎర్రవైన్ పేరు ఖ్వాంచ్‌కరా. ఒకే ట్యాంకులోంచి, ఒకే రోజు, అవే చేతులు నింపిన ఆ వైన్ సీసాలు. ఇంటి నేలమాళిగలో ఉన్నవి నిక్షేపంగా ఉన్నాయి. రాజధాని టిబిలిసిలో దుకాణానికి వెళ్లినవి మాత్రం జూలై వచ్చేసరికి బిరడాలను పైకి తోసుకొస్తున్నాయి. రెండు సీసాలు అరలోనే పగిలి గోడంతా ఎర్రగా చేశాయి. బిరడాలు నాసిరకమని దుకాణం వాళ్లన్నారు. వైనే నాసిరకమని బిరడాలు అమ్మినవాళ్లన్నారు. మధ్యలో నలిగిపోయిన రైతు కుటుంబం నన్ను పిలిచింది.

నాది నల్లగొండ జిల్లా. నాసిక్ వైనరీల్లో పదకొండేళ్లు సెల్లార్ పని చేశాక, పంట సీజన్లలో జార్జియా వెళ్లి చిన్న రైతుల దగ్గర పనిచేయడం మొదలుపెట్టాను. ఆ కుటుంబం ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. వాళ్ల పేరు గానీ, ఊరి పేరు గానీ, దుకాణం పేరు గానీ రాయను. అవి లేకపోయినా కేసు అర్థమవుతుంది.

జార్జియా వైన్ అనగానే తెలిసినవాళ్లకు కఖేతి ప్రాంతం, సపెరవి అనే ఎర్రద్రాక్ష గుర్తొస్తాయి. దేశంలో ద్రాక్షతోటల్లో ముప్పాతిక వంతు దాకా తూర్పున ఉన్న ఆ కఖేతిలోనే ఉన్నాయి మరి. రాచా అలా దారిలో తగిలే చోటు కాదు. పశ్చిమాన కుటాయిసి దాకా వెళ్లి, త్కిబులి మీదుగా నకెరాల కనుమ ఎక్కి, షావోరి జలాశయం పక్కనుంచి దిగాలి. కుటాయిసిలో మెడిసిన్ చదివే మన పిల్లలు చాలామందే ఉంటారు, అక్కడి వీధుల్లో తెలుగు చెవిన పడితే వింతేమీ లేదు. కనుమ దాటాక మాత్రం జార్జియన్ కూడా నెమ్మదిగానే వినిపిస్తుంది. రాచా వాళ్ల నిదానం మీద ఆ దేశంలో బోలెడు జోకులున్నాయి. జోకులకు తగ్గట్టు మనుషులూ తక్కువే. రాచా, లెచ్‌ఖుమి, దిగువ స్వానెతి మూడూ కలిపినా 2014 జనాభా లెక్కల్లో తేలింది 32 వేల మంది. ఈ అంకె గుర్తుంచుకోండి, కేసులో దీనితో పనుంది.

అంబ్రోలౌరి పట్టణం దగ్గర రియోని నదికి కుడి ఒడ్డున, దక్షిణం వైపు తిరిగి ఎండకు వీపు కాచుకునే వాలు ఒకటి ఉంది. సముద్రమట్టానికి సుమారు 450 నుంచి 750 మీటర్ల ఎత్తు. ఖ్వాంచ్‌కరా, సద్మెలి, తోలా, చోర్జో, బుగెఉలి లాంటి ఊళ్లు ఆ పక్కనే. ఖ్వాంచ్‌కరా అనే తీపి ఎర్రవైన్ ఈ పరిధిలో పండిన రెండు రకాల ద్రాక్షతోనే చేయాలి: అలెక్సాండ్రౌలి, ముజురెతులి. తమ దేశంలో 525 దేశవాళీ రకాలున్నాయని జార్జియా వాళ్లు గర్వంగా చెప్పుకుంటారు. వాటిలో ఈ రెండూ ఈ లోయ దాటి పెద్దగా బయటికి పోలేదు. పక్కనున్న లెచ్‌ఖుమిలో ఇంకా అరుదైన ఉసాఖెలౌరి ఉంది. ఆ మాటకు అర్థమే ‘పేరు లేనిది’. త్విషి ఊళ్లో త్సొలికౌరి అనే తెల్లద్రాక్షతోనూ ఇలాంటి తీపి వైనే చేస్తారు. రాచా తెల్లద్రాక్ష పేరు తెత్రా, అంటే తెల్లనిదని, అంతే. పేర్లు పెట్టడంలో కూడా ఇక్కడివాళ్లు తొందరపడలేదన్నమాట.

వైన్ పేరు ఖ్వాంచ్‌కరా అయింది సోవియట్ కాలంలో, 1932 నుంచి. అంతకుముందు ఇక్కడి జమీందారు దిమిత్రి కిపియాని పేరుతో కిపియాని వైన్ అనేవారు. 1907లో బెల్జియంలోని ఓస్టెండ్‌లో దానికి బంగారు పతకం వచ్చిందని ప్రతి ఇంట్లోనూ చెబుతారు. స్టాలిన్‌కి ఇష్టమైన వైన్ అని కూడా చెబుతారు, కొన్ని ఇళ్లలో గొంతు తగ్గించి, కొన్ని ఇళ్లలో పెంచి. పేరు ఇంతగా మోగాక నకిలీలు రాకుండా ఉంటాయా? తోటలు చూస్తే పిడికెడు, సీసాలు చూస్తే ఊరంత. అసలు ద్రాక్ష ధర కఖేతి సపెరవి కన్నా ఎన్నో రెట్లు. 2006లో రష్యా జార్జియా వైన్‌ని నిషేధించి, మళ్లీ 2013లో తలుపు తీసింది. ఆ మధ్యకాలంలో చాలామంది చిన్న రైతులు ఆ పాత మార్కెట్టును నమ్ముకోవడం మానేసి, సొంత లేబుల్‌తో టిబిలిసి దుకాణాల వైపు చూడటం మొదలుపెట్టారు. మన కేసు కుటుంబం కూడా అదే బాట పట్టింది. అరెకరానికి కాస్త పైన తోట, ఏడాదికి పదిహేను వందల సీసాలు.

అసలు విషయం తీపి. ఖ్వాంచ్‌కరాలో లీటరుకు 30 నుంచి 50 గ్రాముల ద్రాక్ష చక్కెర మిగిలి ఉండాలి, ఆల్కహాల్ 10.5 నుంచి 12 శాతం. చక్కెర బయటినుంచి కలపకూడదు, పులియడం మధ్యలో ఆగిపోవాలి. పులిసేదాన్ని మధ్యలో ఆపడం అంటే ఏమిటో నాకు చదువు కన్నా ముందే తెలుసు. మా తాత తాళ్లెక్కేవాడు. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూసి కట్టి, తెల్లవారకముందే దింపేవాడు. సున్నం మరిచినా, పొద్దెక్కినా ఇక అది నీరా కాదు, కల్లే. మా దగ్గర సున్నం చేసిన పని రాచాలో చలి చేస్తుంది. అక్టోబరు చివర్లో కోసిన పండు పులుస్తూ ఉండగానే కొండల మీద మంచు పడుతుంది, నేలమాళిగ చల్లబడుతుంది, ఈస్ట్ ముడుచుకుని పడుకుంటుంది. వైన్‌లో కొంత తీపి మిగిలిపోతుంది. ‘సహజంగా తీపి’ అని లేబుల్ మీద రాసేది దీన్నే.

పడుకుంటుంది అన్నాను, చస్తుందనలేదు.

మొదటి వారం తప్పుదారిలో పోయాను. అది కూడా రాయాలి. చిరువాయువు, కాస్త మసక, పెరుగు పక్కన పెట్టినట్టు లేత పులుపు వాసన. ఇది మాలిక్ ఆమ్లాన్ని బ్యాక్టీరియా లాక్టిక్‌గా మార్చేటప్పుడు వచ్చే వాయువే అనుకున్నాను. నాసిక్‌లో అలాంటి సీసాలు చూసిన అలవాటు. పేపర్ క్రోమటోగ్రఫీ పెట్టి చూస్తే ఇంటి సీసాలోనూ, దుకాణం సీసాలోనూ మాలిక్ ఆనవాలే లేదు. అంటే ఆ మార్పు సీసా నింపకముందే అయిపోయింది. అయిపోయినదాని నుంచి జూలైలో వాయువు ఎలా వస్తుంది? వారం వృథా. అలవాటు మీద మందు రాసే డాక్టర్లను తిట్టుకునే నేను చేసింది అదే.

తరవాత రెండు సీసాలనూ పక్కపక్కన పెట్టి, మొదటే చేయాల్సిన పని చేశాను. ఇంటి సీసాలో చక్కెర లీటరుకు 42 గ్రాములు, ఆల్కహాల్ 11.6. దుకాణం సీసాలో చక్కెర 35, ఆల్కహాల్ 12.0. సుమారు 17 గ్రాముల చక్కెర పులిస్తే ఒక శాతం ఆల్కహాల్ వస్తుంది, 7 గ్రాములకు 0.4. లెక్క అతికినట్టు సరిపోయింది. ఇక వాయువు లెక్క. మూసిన సీసాలో లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పుడుతుంది. 7 గ్రాములంటే కారు టైరులో ఉన్నదానికి దగ్గరగా ఒత్తిడి. మామూలు బిరడా దానికి చేసింది కాదు. బిరడా అమ్మినవాళ్లది తప్పేం లేదని ఇక్కడే తేలింది. మిగతా 35 గ్రాములు కూడా పులిసి ఉంటే ఆ ఒత్తిడి షాంపేన్‌ను కూడా దాటిపోయేది, అరలో పగిలేవి రెండు సీసాలతో ఆగేవి కావు. మిగిలినవాటిని వెంటనే తడిగుడ్డ చుట్టి ఫ్రిజ్‌లో పెట్టమని దుకాణానికి ఫోన్ చేశాను. దుకాణం వెనక గది జూలైలో 30 డిగ్రీలు దాటుతుందట. ఇంటి నేలమాళిగలో నేను కొలిచింది 14.

మైక్రోస్కోపు కింద దుకాణం సీసాలో ఈస్ట్ మొగ్గలు తొడుగుతోంది. ఇంటి సీసాలోనూ ఈస్ట్ ఉంది, కాకపోతే నిద్రలో. వైన్ ఒకటే, ఈస్ట్ ఒకటే. తేడా గది వేడిలోనే.

అంతటితో ‘టిబిలిసి వేడికి పాడైంది’ అని నివేదిక రాసిచ్చి వచ్చేయొచ్చు. నిజమే అవుతుంది, కానీ దేనికీ పనికిరాదు. ఈ ఇంట్లో మూడు తరాలుగా ఇదే వైన్ చేస్తున్నారు. పాతకాలంలో పీపాలు కుటాయిసికి కూడా పోయేవి, అక్కడ ఎండ తక్కువేం కాదు. మరి అప్పుడు ఎందుకు పొంగలేదు?

కోడలు నోట్‌బుక్ తెచ్చింది. అక్టోబరు 24న కోత, రెండు రకాలూ కలిపి. తొక్కలతో ఆరు రోజులు. పిండాక స్టీలు ట్యాంకు. నవంబరులో రాత్రిళ్లు తలుపు తీసి పెట్టి చల్లబరచడం. డిసెంబరులో ఒకసారి మడ్డి వదిలేసి తేట తీయడం, మార్చిలో ఇంకొకసారి. ఏప్రిల్‌లో ముతక పలకల ఫిల్టరు, సీసా. ఈస్ట్‌ని అణిచిపెట్టే సల్ఫర్ డయాక్సైడ్, దేనితోనూ కలవకుండా స్వేచ్ఛగా ఉన్నది, నేను కొలిస్తే లీటరుకు 14 మిల్లీగ్రాములు. వైన్ పీహెచ్ (పులుపు కొలత, అంకె పెరిగితే పులుపు తగ్గినట్టు) 3.55. ఆ పీహెచ్ దగ్గర ఈస్ట్ మీద నిజంగా పనిచేసే రూపంలో ఉండేది అందులో రెండు శాతం లోపే. కావలసిన రక్షణ రావాలంటే 45 దాకా ఉండాలి. 14 ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఇవన్నీ చెబుతుంటే ఇంటి పెద్దాయన తల ఊపుతూ విన్నాడు. నేను ఆయన్ని బాతోనో అనేవాణ్ణి, మన ‘అయ్యగారూ’ లాంటి మాట. ఎనభై దాటాయి. ముందు బీన్స్ కూరిన లోబియాని రొట్టె ఉంది, పొగబెట్టిన పందిమాంసంతో, ఇక్కడి పద్ధతి. రొట్టె తుంచుతూ, ఎవరితోనూ కాదన్నట్టు, “రెండుసార్లేనా?” అన్నాడు. కోడలు ఆయనకేసి చూసింది. ఆమె తెలుగుదైతే ఆ చూపుకి ‘మామయ్యా, మీరు చేసి చూపండి’ అనే అర్థం.

వాళ్ల నాన్న కాలంలో చలికాలం మొత్తంలో నాలుగైదు సార్లు తేట తీసేవారట. మంచు పడిన ప్రతిసారీ, చలి గట్టిగా ఉన్న మూడో రోజున. మడ్డి అడుగున గడ్డకట్టినట్టు కూర్చుంటుంది, పైన తేటను మాత్రం వేరే పీపాలోకి వంపాలి. నలుగురు మనుషులు, ఒక పగలు. ఎందుకు చేసేవారని అడిగితే “అలా చేస్తేనే వైన్ బుద్ధిగా ఉంటుంది” అన్నాడు. ఎప్పుడు మానేశారు? 1991 ఏప్రిల్ 29 భూకంపంలో, ఏడు తీవ్రతతో వచ్చిన ఆ భూకంపంలో, ఇంటి రాతి మరాని, అంటే వైన్ చేసే గది, కూలింది. భూమిలో పాతిన ఐదు క్వెవ్రిలలో, అంటే వైన్ పులియబెట్టే పెద్ద మట్టి కాగుల్లో, మూడు పగిలాయి. మళ్లీ కట్టుకునేలోగా కొడుకులు పనుల కోసం దిగువకు పోయారు. నలుగురు మనుషుల పనిని ఇద్దరు చేయాల్సి వచ్చేసరికి ఐదుసార్లు రెండయ్యాయి. 32 వేల మంది అని ఇందాక రాసింది అందుకే.

‘బుద్ధిగా ఉంటుంది’ అన్నమాటకు రసాయనం ఇదీ. ఈస్ట్ పెరగాలంటే చక్కెర ఒక్కటే చాలదు, నత్రజని కావాలి. పులిసేటప్పుడు రసంలోని నత్రజనిని తన ఒంట్లోకి లాక్కుంటుంది. ఆ ఈస్ట్ మడ్డిగా కూర్చున్నప్పుడు దాన్ని వేరుచేస్తే నత్రజని కూడా దానితోపాటే పోతుంది. ఆలస్యం చేస్తే చచ్చిన ఈస్ట్ కరిగి, తిన్నదంతా వైన్‌కి తిరిగి ఇచ్చేస్తుంది. నాలుగైదు సార్లు తేట తీశాక మిగిలేది తీపిగా ఉన్నా ఈస్ట్‌కి కడుపు నిండని వైన్. ఇటలీలో ‘ఆస్తి’ (Asti) అనే ఊరి చుట్టుపక్కల వాళ్లు వెనకటికి తమ తీపి వైన్‌ను గుడ్డ సంచుల్లో మళ్లీ మళ్లీ వడగట్టింది కూడా ఇందుకే. తీపిని చలి ఒక్కటే కాపాడిందనుకున్నాం. చలి ఈస్ట్‌ని పడుకోబెట్టింది, మనుషులు దాని తిండి ఎత్తుకుపోయారు. ఇప్పుడు మనుషులు తగ్గారు.

వచ్చిన అక్టోబరులో పంటను మూడు భాగాలు చేశాం. ముందు గొడవ కోత దగ్గరే. రెండు రకాలనూ విడివిడిగా కోద్దామన్నాను. మొగుడూపెళ్లాలను విడదీస్తానన్నట్టు చూశాడు పెద్దాయన. ఒప్పించడానికి రెండు రోజులు, పదమూడు గ్లాసులు పట్టాయి. ఆ తోటలో ముజురెతులి వారం ముందే తయారైంది, అక్టోబరు 16న 25 బ్రిక్స్ (రసంలో తీపి కొలత). అలెక్సాండ్రౌలి 24న 23.5, పులుపు ఇంకా చురుగ్గా ఉంది. అన్నేళ్లూ రెంటినీ ఒకే రోజు కోయడం వల్ల ముజురెతులి మగ్గిపోయి పీహెచ్ పైకి పోతోందని అప్పుడు అర్థమైంది. పీహెచ్ పెరిగితే సల్ఫర్ పని తగ్గుతుంది. విడిగా కోసి తరవాత కలిపితే పీహెచ్ 3.45కి దిగింది. దానికి 36 మిల్లీగ్రాములు చాలు.

మొదటి భాగం పాత పద్ధతి: ఐదుసార్లు తేట, ఫిల్టరు లేదు, మంచు పడ్డప్పుడల్లా నేనూ కోడలూ ఇద్దరు పొరుగువాళ్లూ. చేతులు మొద్దుబారిపోయేవి. రెండో భాగం కూడా అంతే, కానీ చివర్లో అద్దెకు తెచ్చిన చల్లబరిచే ట్యాంకులో మైనస్ 3 దగ్గర వారం ఉంచి, 0.45 మైక్రాన్ల పొర గుండా వడగట్టి సీసా. ఆ ట్యాంకు అద్దె ముగ్గురు రైతులు పంచుకున్నారు. పదిహేను వందల సీసాలకు ఎవరూ సొంతంగా కొనలేరు. మూడో భాగం అలెక్సాండ్రౌలి ఒక్కటే, మిగిలిన రెండు క్వెవ్రిలలో ఒకదానిలో చక్కెరంతా అయిపోయేదాకా పులియనిచ్చాం. పోల్చడానికి పాతికలీటర్ల గాజు బుడ్డిలో నిరుటి పద్ధతినే, రెండుసార్ల తేటతో, పక్కన పెట్టాను.

పొటాషియం సోర్బేట్ వేస్తే పోలేదా అని పొరుగాయన అడిగాడు. పెద్దాయన వద్దన్నది మందు అనే అయిష్టంతో. నేను వద్దన్నది వేరే కారణంతో. సోర్బేట్ ఈస్ట్‌ని ఆపుతుంది, లాక్టిక్ బ్యాక్టీరియాని ఆపదు. ఆ బ్యాక్టీరియా సోర్బేట్‌ను తింటే వైన్ నలిపిన జెరేనియం ఆకు వాసన కొడుతుంది, ఆ వాసన ఇక ఎన్నటికీ పోదు. ఈ ఇంటి వైన్‌లో బ్యాక్టీరియా తిరుగుతోందని నిరుడే చూశాం కదా.

ఏప్రిల్‌లో ఒక్కో రకం పన్నెండేసి సీసాలు తీసి, 28 డిగ్రీల్లో ఆరు వారాలు ఉంచాం. ఎక్కడంటారా, రొట్టెల పొయ్యి వెనక చెక్కపెట్టెలో, థర్మామీటరు పెట్టి. గాజు బుడ్డి వైన్ సీసాలు పదహారో రోజుకే బుసకొట్టాయి. ఐదుసార్లు తేట తీసి వడగట్టనివి మూడు వారాలు బుద్ధిగానే ఉన్నాయి, ఆరో వారానికి పన్నెండులో నాలుగు కదిలాయి. అంటే ఈస్ట్‌ని మాడ్చడం ఆలస్యం చేస్తుంది, ఆపదు. కుటాయిసి దాకా పీపా పోయి, వారంలో తాగేసే కాలానికి ఆ ఆలస్యమే చాలు. దుకాణం అరలో ఆరు నెలలకు చాలదు. పొర గుండా వడగట్టినవాటిలో పదకొండు అద్దంలా ఉన్నాయి, ఒకటి మసకబారింది. దాన్ని వెతుక్కుంటూ పోతే సీసాలు నింపే కుళాయి మూతి దగ్గర తేలింది. నేనే ఆవిరి పట్టడం మరిచాను. పెద్దాయనకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన మొహంలో కనిపించిన సంతోషం ఇంకే ఫలితానికీ కనిపించలేదు.

వడగట్టడం మీద ఆయన అభ్యంతరం రుచి గురించి, అదీ తీసిపారేయాల్సింది కాదు. పక్కపక్కన తాగితే వడగట్టినది మొదటి నెలలో కాస్త సన్నబడినట్టే ఉంది. మూడు నెలల తరవాత ముగ్గురం కళ్లకు గంతలు కట్టుకుని తాగాం. నేను తేడా పట్టుకోలేదు, కోడలు పట్టుకోలేదు, ఆయన మూడింట రెండుసార్లు పట్టుకున్నాడు.

తీపి లేని అలెక్సాండ్రౌలిని ఇంట్లో మొదట ఎవరూ ముట్టలేదు. పుల్లగా ఉందన్నారు. నాకు మాత్రం ఈ కేసంతటిలో దొరికిన మంచి వస్తువు అదే. రంగు సపెరవిలా సిరాలాగ ఉండదు, పలచగా మాణిక్యం రంగు. వాసనలో పుల్ల చెర్రీ, దాని వెనక నల్లమిరియం. తీపిలో ఆ మిరియం ఎప్పుడూ వినపడలేదు. మా నల్లగొండ మటన్ కూర పక్కన పెడితే నిలబడుతుందని నా నమ్మకం. ఆ సంగతి అక్కడ రుజువు చేసే వీలు లేక, పందిమాంసం రొట్టెతోనే సరిపెట్టుకున్నాను. పొంగిన సీసాలు వెనక్కి పంపిన ఆ దుకాణమే ఈ ‘ఎండు’ వైన్, అంటే తీపి లేనిది, నూటఇరవై సీసాలు అడిగింది.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏర్పాటు ఇదీ. ఊరి బయటికి పోయేదంతా పొర గుండా వడగట్టింది, 36 మిల్లీగ్రాముల సల్ఫర్‌తో, నింపే కుళాయికి ఆవిరి పట్టడం కోడలి చెక్‌లిస్టులో మొదటి గీత. అలెక్సాండ్రౌలిలో మూడోవంతు ఎండు వైన్‌కి. వడగట్టనిది వంద సీసాలు మాత్రమే, చలికాలంలో ఇంటికి వచ్చినవాళ్లకు. వాటి మీద ‘మే నెల లోపు తాగండి’ అని లేబుల్ వేయమన్నాను. పెద్దాయన అన్నిటికీ ఒప్పుకుని దీని దగ్గర ఆగాడు. ఖ్వాంచ్‌కరాను మే దాకా తాగకుండా ఉంచేవాడికి అసలు సీసా ఎందుకు అమ్మాలి అన్నాడు. లేబుల్ వాదన ఇంకా తెగలేదు.